కిటికీ సీటు మర్యాద

రాజమండ్రి కోటగుమ్మం దగ్గర ఒక ట్రావెల్ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఎంతమందిని విమానం ఎక్కించానో నాకే తెలియదు. నేను మాత్రం నలభై ఏడేళ్ళు వచ్చేదాకా విమానం ఎక్కలేదు. ఆ సంగతి కస్టమర్లకి తెలియకుండా చాలా జాగ్రత్తపడేవాణ్ణి. ఎవరైనా "పైకి లేచేటప్పుడు చెవులు నొప్పెడతాయంటగా అండీ" అని అడిగితే, "అబ్బే, అలవాటైపోతుందండి" అని తలపండినవాడిలా చెప్పేవాణ్ణి.

పిల్లలూ, మీరిప్పుడు ఫోన్లో సీటు బొమ్మ మీద వేలు పెట్టి క్షణంలో పని ముగించేస్తున్నారు. మంచిదే. మాకు అది ఫోన్ల మీద ఫోన్లు చేసి, బతిమాలి సాధించే వ్యవహారం. అలా బతిమాలి సాధించిన సీటు ఒకటి ఒక పెద్దమనిషి కాలు మీదకి తెచ్చింది. అక్కణ్ణుంచి మొదలుపెడితేనే మిగతా కథ అర్థమవుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి బొంబాయి నుంచి న్యూయార్కుకి మధ్యలో ఎక్కడా ఆగని విమానాలు మొదలయ్యాయి. దాదాపు పదహారు గంటల ప్రయాణం. మన గోదావరి జిల్లాల్లో 'డైరెక్టు' అన్న మాటకున్న గౌరవం మీకు తెలియనిదా? బస్సు డైరెక్టా, రైలు డైరెక్టా అని అడగకుండా ఎవరూ గుమ్మం దాటరు. విమానమే డైరెక్టు అంటే ఇంక చెప్పాలా? "ఇక్కడ కూర్చుంటారు, అక్కడ దిగుతారు. మధ్యలో లేచే పనే లేదండి" అని చెప్పి అమ్మేవాణ్ణి. ఆ చివరి ముక్కే నా కొంప ముంచింది.

దానికి తోడు నాకొక మర్యాద ఉండేది. పెద్దవాళ్ళకి కిటికీ సీటు. బస్సులో పెద్దాయన ఎక్కితే "మీరు లోపలికి జరగండి, గాలొస్తుంది" అని కిటికీ పక్కన కూర్చోబెడతాం కదా. విమానంలో కిటికీ తెరుచుకోదు, గాలి రాదు, అయినా పుట్టి పెరిగిన మర్యాద ఎక్కడికి పోతుంది? అరవై దాటినవాళ్ళు ఎవరొచ్చినా కిటికీ సీటు ఇప్పించేదాకా నాకు భోజనం సయించేది కాదు.

కొవ్వూరు నుంచి ఒక రిటైర్డు హెడ్మాస్టారు వచ్చారు. ఆయనకీ అలాగే ఇప్పించాను. మూడు నెలల తర్వాత ఆయన చేతికర్ర పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కారు. కుర్చీలో కూర్చుని, పంచె కాస్త పైకి జరిపి ఎడమ పిక్క చూపించారు. కుడిదానికీ దానికీ పోలికే లేదు.

"దిగిన రెండో రోజు వాచిందయ్యా. లోపల రక్తం గడ్డ కట్టిందన్నారు. ఆసుపత్రిలో పడుకోబెట్టారు. ఇప్పుడు పర్లేదులే."

"మధ్యలో లేచి కాస్త నడవలేదాండీ?"

"ఎలా లేస్తానయ్యా? పక్కన ఇద్దరున్నారు. ఇద్దరూ నిద్రపోతున్నారు. నిద్రపోయేవాళ్ళని లేపడం బాగుంటుందా?"

"పదహారు గంటలూ లేవలేదా?"

"నీళ్ళు తాగితే లేవాల్సొస్తుందని నీళ్ళు కూడా తాగలేదు." ఆయన కర్ర ఊతంతో లేచి, గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగారు. "కిటికీ సీటు మాత్రం బ్రహ్మాండంగా ఇప్పించావయ్యా. చాలా థాంక్సు."

నాలుగు తిట్లు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. థాంక్సు చెప్పి వెళ్ళారు. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

తర్వాత ఏడాదికి నరసాపురం వైపు నుంచి ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారు. అందరూ లేసు అల్లేవాళ్ళు. అమెరికాలో ఒక చర్చి మహిళల సంఘం వాళ్ళ లేసుని ఏళ్ళ తరబడి కొంటోంది. ఈసారి అల్లేవాళ్ళనే పిలిపించి, అల్లిక ఎలా చేస్తారో అందరికీ చూపించాలని ఆ సంఘానికి బుద్ధి పుట్టింది. వాళ్ళని తీసుకెళ్ళి తీసుకురావడానికి మా ఆఫీసు నుంచి ఒక మనిషి కావాలన్నారు. మా యజమాని నావైపు చూసి, "ఇన్నేళ్ళుగా అలవాటైపోతుందండీ అని చెప్తున్నావు కదా, వెళ్ళి అలవాటు చేసుకునిరా" అన్నాడు. నా గుట్టు ఆయనకొక్కడికే తెలుసు.

ఆ ఆరుగురిలో పెద్దావిడకి అరవై రెండేళ్ళు. మేమంతా పెద్దమ్మగారు అనేవాళ్ళం. సన్నగా, తెల్లటి జుట్టుతో, ఎవరికీ అడ్డం రాకూడదన్నట్టు గోడవారగా నడిచే మనిషి. రెండేళ్ళ కిందట ఆవిడకీ ఎడమకాల్లో రక్తం గడ్డ కట్టి, మందులతో కరిగిందట. ఆ మాట వినగానే హెడ్మాస్టారి పిక్క కళ్ళ ముందు నిలబడింది.

"అమ్మా, మీరు మానుకుంటే మంచిదేమో" అన్నాను.

ఆవిడ తల వంచుకున్నారు. "నలభై ఏళ్ళుగా అల్లుతున్నాను బాబూ. మా ఊళ్ళో ఏజెంటు చేతిలో పెట్టేస్తాను, అంతే. అది ఏ బల్ల మీద పరుస్తారో, దాని మీద ఏం పెట్టుకుంటారో ఒక్కసారి చూడాలనుందండి" అన్నారు.

రాజమండ్రిలోనే ఉన్న ఒక పెద్ద డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కాలు పరీక్ష చేసి, చాలాసేపు ఆలోచించి, షరతు మీద ఒప్పుకున్నారు. బిగుతు మేజోళ్ళు వేసుకోవాలి, నీళ్ళు తాగాలి, గంటకోసారి లేచి పది నిమిషాలు నడవాలి.

"కూర్చోడం నాకు చెప్పాలా డాక్టరు బాబూ? పొద్దున్న కూర్చుంటే దీపాలేళకి గానీ లేవను" అన్నారు పెద్దమ్మగారు ధీమాగా.

"అదేనమ్మా నా భయం." డాక్టరు గారు నావైపు తిరిగారు. "ఈవిణ్ణి లేపే బాధ్యత నీది. ఈసారి గడ్డ కడితే అది కాల్లోనే ఆగుతుందని నేను హామీ ఇవ్వలేను. ప్రాణం మీదకి రావచ్చు."

అప్పుడే నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మన వాళ్ళకి విమానంలో జబ్బు సీటు వల్ల రాదు, మొహమాటం వల్ల వస్తుంది. కాబట్టి అడగడం నేర్పిస్తే సరి. ఆఫీసులో ఒక కొస గోడకి ఆనేలా ఒక పొడుగు బల్ల ఉండేది. గోడ పక్కన పెద్దమ్మగారిని కూర్చోబెట్టాను. మధ్యలో మా కంప్యూటర్ అమ్మాయి. చివర్లో మా క్యాషియర్, నిద్ర నటిస్తూ. వాళ్ళ కాళ్ళు దాటలేకుండా ముందు ఒక టేబుల్ అడ్డం పెట్టాను. పెద్దమ్మగారు చెయ్యాల్సింది ఒక్కటే. "బాబూ, కాస్త లేవండి" అనడం.

ఆవిడ చిరునవ్వుతో కూర్చున్నారు. అయిదు నిమిషాలైంది.

"అడగండమ్మా."

"పాపం, నిద్రపోతున్నాడు బాబూ."

"నటిస్తున్నాడమ్మా."

"నటించినా కళ్ళు మూసుకున్నాడుగా. ఎలా లేపుతాం?"

మూడు రోజులు పొద్దునా సాయంత్రం ఇదే తంతు. మూడో రోజు మా క్యాషియర్ నిజంగానే నిద్రపోయి గురక పెట్టాడు. పెద్దమ్మగారు టేబుల్ మీదున్న పేపరు తీసి, కంప్యూటర్ అమ్మాయి మీదుగా ఒంగి అతనికి గాలి విసరడం మొదలుపెట్టారు. అక్కడితో నా శిక్షణా తరగతి ముగిసింది.

సరే, అడగాల్సిన అవసరమే లేకుండా చేద్దామనుకున్నాను. ఆవిడకి బాత్రూములకి దగ్గర్లో, దారి పక్క సీటు ఇప్పించాను. మిగతా అయిదుగురికీ వెనకాల ఒకేచోట దొరికాయి. నాకు ఆవిడ వెనక నాలుగో వరసలో వచ్చింది. ఏ సీటంటారా? చెప్పడానికి సిగ్గుగా ఉంది. కిటికీ. నలభై ఏడేళ్ళకి మొదటిసారి విమానం ఎక్కుతున్నాను, ఏం చెయ్యమంటారు?

రైల్లో బొంబాయి చేరాం. విమానం ఎక్కేముందు పెద్దమ్మగారు ఒక మూలకి వెళ్ళి ఎడమ పిక్కకి మేజోడు మీదుగా లేసు దారం చుట్టి, వేలు దూరేంత వదులుంచి ముడేసుకున్నారు. వాపు వస్తే దారం బిగుస్తుంది, వెంటనే తెలిసిపోతుందని ఆవిడ లెక్క. డాక్టరు గారు చెప్పని ఉపాయం అది. అల్లిక సూది మాత్రం పెద్ద పెట్టెలో పడేయించాను, విమానంలోకి రానివ్వరేమోనని. చేతిలో సూది లేక ఆవిడ వేళ్ళు ఊరికే ఆడుతూనే ఉన్నాయి.

విమానం లేచింది. చెవులు నొప్పెట్టాయి. బొంబాయి దీపాలన్నీ కింద చిన్నగా అయిపోతుంటే ముక్కు అద్దానికి ఆనించి చూశాను. నా పక్కన ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరూ బాగా దిట్టమైనవాళ్ళు. భోజనాలయ్యాయి. దీపాలార్పేశారు. దారి పక్క కుర్రాడు కళ్ళకి నల్లగుడ్డ కట్టుకున్నాడు, మధ్యవాడు చెవుల్లో పాటలు పెట్టుకున్నాడు. ఇద్దరూ నిద్రలోకి జారుకున్నారు.

ఇంక లేచి పెద్దమ్మగారిని నడిపిద్దామని మెడ సాచి చూశాను. ఆవిడ సీట్లో ఎవరో చంటిపిల్ల తల్లి కూర్చుని ఉంది. పెద్దమ్మగారి తెల్లటి ముడి అదే వరసలో అటు చివర, కిటికీ పక్కన కనిపించింది. నాకు విషయం అర్థమైపోయింది. పిల్లతో మాటిమాటికీ లేవాలి కదా అని తన సీటు ఇచ్చేసి లోపలికెళ్ళి కూర్చున్నారు. మధ్యలో ఇంకెవరో పెద్దాయన, నోరు తెరిచి నిద్ర.

వెంటనే వెళ్ళాలి. వెళ్ళాలంటే ఈ ఇద్దరినీ లేపాలి. "బాబూ, కాస్త లేవండి." ఎన్నిసార్లు నేర్పించాను ఆ మాట. నోరు తెరిచాను. రాలేదు. గొంతు సవరించుకున్నాను, వాళ్ళంతట వాళ్ళు లేస్తారేమోనని. లేవలేదు. మోచెయ్యి పొరపాటున తగిలినట్టు తగిలిద్దామనుకుని, తీరా తగలబోయే ముందు వెనక్కి తీసేసుకున్నాను. మంచి నిద్రలో ఉన్నారు పాపం.

పైనున్న బొత్తం నొక్కాను. ఎయిర్ హోస్టెస్ వచ్చింది. "ముందు వరసలో ఉన్న ఆవిణ్ణి లేపి నడిపించండి" అని ఇంగ్లీషులో మనసులో కూర్చుకునే ఉన్నాను. ఆ అమ్మాయి నవ్వుతూ ఒంగేసరికి "వాటర్ ప్లీజ్" అన్నాను. నీళ్ళిచ్చింది. పది నిమిషాలాగి మళ్ళీ ధైర్యం చేసి నొక్కాను. మళ్ళీ నీళ్ళే వచ్చాయి. మూడోసారీ అంతే. మూడు గ్లాసుల నీళ్ళు తాగిన తర్వాత నాకు పెద్దమ్మగారి కాలుతో పాటు సొంత అవసరం కూడా మొదలైంది.

బయల్దేరి మూడు గంటలు దాటింది. ఆవిడ ఒక్కసారీ లేవలేదు. ఇంక తట్టుకోలేక, సామాన్ల అర తలకి తగులుతుంటే సగం వంగి నిలబడ్డాను. అదే సమయానికి పెద్దమ్మగారు నేనెలా ఉన్నానో చూద్దామని వెనక్కి తిరిగారు. నేను నా కాలు చూపించి, చెయ్యి పైకెత్తి లేవమని సైగ చేశాను. ఆవిడ నావైపు, నా పక్కనున్న ఇద్దరివైపు మార్చి మార్చి చూశారు. ముఖంలో ఒక్కసారిగా జాలి కనిపించింది. మధ్యలో పెద్దాయన భుజం తట్టి లేపారు, చంటిపిల్ల తల్లిని లేపారు, చకచకా నడిచి నా వరస దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏంటి బాబూ, బయటికి రావాలా?"

నిజానికి నేను కేకలేద్దామనుకున్నాను. సీటెందుకిచ్చేశారు, డాక్టరు గారేం చెప్పారు, అని. కానీ ఆవిడ నిలబడి ఉన్నారు. రెండు కాళ్ళ మీద, మూడు గంటల తర్వాత మొదటిసారి.

"అవునమ్మా" అన్నాను.

"చెప్పరేంటి మరి." కళ్ళకి గుడ్డ కట్టుకున్న కుర్రాడి భుజం మీద టకటకా తట్టారు. "బాబూ, కాస్త లేవండి. పాపం ఈయనకి బయటికెళ్ళాలంట." వాడికి తెలుగొచ్చో రాదో తెలియదు. ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు, రెండోవాణ్ణీ లేపాడు.

వెనకవైపు నడుస్తూ అడిగాను, "అమ్మా, మా ఆఫీసులో మూడు రోజులు అడగమంటే అడగలేదు. ఇప్పుడెలా వచ్చిందండీ నోరు?"

"అక్కడ నా కోసం అడగమన్నారు కదా బాబూ. నా కోసం నిద్రపోయేవాణ్ణి లేపడం ఏం బాగుంటుంది? ఇంకోళ్ళ అవసరానికైతే మొహమాటమేముంది?"

నేను బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఆ మాట గురించి ఆలోచించాను. అవసరం తీరిపోయినా బయటికి రాలేదు. వాచీ చూసుకుంటూ పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను. తలుపు ఓరగా తీసి చూస్తే పెద్దమ్మగారు నా కోసం ఆత్రంగా అటూ ఇటూ తిరుగుతున్నారు. డాక్టరు గారు చెప్పిన నడక సరిగ్గా అదే.

ఇంక ఆ పదహారు గంటలూ నా ఉద్యోగమేంటో నాకు తెలిసిపోయింది. గంట కాగానే సగం వంగి లేవడం, దీనంగా ముఖం పెట్టడం, చెయ్యి ఊపడం. ఆవిడ ఇద్దరిని లేపుకుని వచ్చేవారు, నా ఇద్దరినీ లేపేవారు. నేను పది నిమిషాలు లోపల దాక్కునేవాణ్ణి. బయటికొచ్చాక "మీరూ కాసిని నీళ్ళు తాగండమ్మా, నాకొక్కడికే ఇవ్వమంటే బాగోదు" అంటే, నాకు తోడుగా ఆవిడా తాగేవారు. బయట తలుపు కొట్టి విసుక్కున్నవాళ్ళకి ఇప్పుడు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

అయిదోసారి కళ్ళగుడ్డ కుర్రాడు దణ్ణం పెట్టినంత పనిచేశాడు. "అంకుల్, ప్లీజ్, మీరు నా సీట్లో కూర్చోండి" అని ఇంగ్లీషులో బతిమాలాడు. దారి పక్కకి వస్తే నన్ను విడిపించే పని ఆవిడకెక్కడిది?

"నో, నో. ఐ లైక్ వ్యూ" అన్నాను. బయట కాటుక చీకటి. పైగా కిటికీ తలుపు దింపేసి ఉంది.

"తీసుకోండి బాబూ, ఎందుకంత మొహమాటం మీకు?" అన్నారు పెద్దమ్మగారు. మొహమాటం గురించి ఆవిడ నాకు చెప్తున్నారు. నవ్వాపుకోలేక చచ్చాను.

పదకొండో గంట దాటాక ఒక తప్పు చేశాను. నిద్రపోయాను. మెలకువ వచ్చి వాచీ చూస్తే రెండు గంటలకి పైగా గడిచిపోయాయి. ముందు వరస వైపు చూశాను. ఆవిడ సీటు ఖాళీగా ఉంది. ఏదో అయిపోయిందనుకున్నాను. పక్కవాళ్ళు, నిద్ర, బాగోదు, ఇవేవీ గుర్తులేవు. "లేవండి, లేవండి బాబూ" అని గట్టిగా అనేశాను. అప్పుడు తల తిప్పితే పెద్దమ్మగారు మా వరస పక్కనే నిలబడి ఉన్నారు.

"ఏంటి బాబూ ఆ కంగారు? ఇందాకొకసారి వచ్చి చూశాను, నిద్రపోతున్నారు. మళ్ళీ మీకు అవసరం వస్తుందేమోనని ఇప్పుడొచ్చా. వెనకదాకా రెండు సార్లు తిరిగొచ్చానండి, మీరింకా లేవలేదు."

నేను పిలవకపోయినా గంటగంటకీ లేచారు. నా కోసమే లేచారు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ కలగలేదు.

న్యూయార్కులో దిగగానే ఆవిడ ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళి వచ్చారు. దారం ముడి వేసినట్టే ఉందని, వేలు సులువుగా దూరుతోందని చెప్పారు. ఆవిడ కోసం చెప్పి ఉంచిన చక్రాల కుర్చీ వస్తే, "నాకెందుకండీ" అని పక్కకి తప్పుకున్నారు. ఆ కుర్చీ తోసుకొచ్చినవాడు నా ముఖం చూసి నన్ను కూర్చోమన్నాడు. మిగతా అయిదుగురూ విరగబడి నవ్వారు.

మూడో రోజు ఆ సంఘంలోని ఒకావిడ ఇంట్లో భోజనాల బల్ల మీద పరిచిన గుడ్డని పెద్దమ్మగారు చూశారు. అంచు తిప్పి చూసి, "ఇది నాదేనండి" అన్నారు. చాలాసేపు దాని మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. ఆ ఇంటావిడ దాని మీద కూర గిన్నె పెట్టబోతే మాత్రం, "కింద పళ్ళెం పెట్టండమ్మా, మరకవుతుంది" అని తెలుగులోనే చెప్పారు. ఆవిడకి అర్థమై పళ్ళెం తెచ్చింది.

తిరుగు ప్రయాణంలో నేను మళ్ళీ కిటికీ సీటే తీసుకున్నాను. నా అనుభవం కొద్దీ ఈసారి మూడు గంటలు వృథా చెయ్యలేదు.

ఊరు చేరాక ఆవిణ్ణి డాక్టరు గారికి చూపించాలి కదా, తీసుకెళ్ళాను. ఆయన ఎడమ పిక్క నొక్కి చూశారు, కుడిదీ చూశారు, తృప్తిగా తలూపారు. "గంటకోసారి లేచారన్నమాట. చెప్పినట్టు చేశారు. మంచిది."

"నా సంగతికేం లెండి డాక్టరు బాబూ, నా కాలు నాకు గుర్తే లేదు. ముందు ఈ బాబుని చూడండి" అని పెద్దమ్మగారు నన్ను చెయ్యి పట్టుకుని ముందుకి లాగారు. "పాపం, గంటగంటకీ బాత్రూముకి పోవాల్సొచ్చిందండి. వెళ్తే పది నిమిషాలకి గానీ రారు. వచ్చేటప్పుడూ అంతే. అడగడానికి మొహమాటం ఈయనకి, నేను లేపుకొచ్చేదాన్ని. షుగరేమోనని నాకు భయంగా ఉంది."

డాక్టరు గారు కళ్ళజోడు మీదుగా నన్ను చూశారు. చాలాసేపే చూశారు. ఆయన మీసం కొంచెం కదిలింది. సొరుగు లాగి సూది తీశారు.

"చెయ్యి ఇలా ఇవ్వు" అన్నారు.

ఇచ్చాను. పెద్దమ్మగారు నా భుజం గట్టిగా పట్టుకుని, "అటు చూడకండి బాబూ, ఒక్క నిమిషంలో అయిపోతుంది" అన్నారు.